ఆనర్స్ ఇంగ్లిష్: కథ తెలిస్తే సరిపోదు

అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలున్న మన ఇళ్ళకు సంక్రాంతి దాటాక కాస్త అటూ ఇటూగా స్కూల్ నుంచి కోర్సుల ఎంపిక ఫారం వస్తుంది. ఫ్రిస్కోలో ఉన్నా, ఎడిసన్‌లో ఉన్నా, లెక్కల గడి దగ్గర మన ఇళ్ళలో పెద్దగా చర్చ ఉండదు. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి మామూలు రెగ్యులర్ క్లాసా, కాస్త కఠినమైన ఆనర్సా అన్న ప్రశ్న వస్తుంది. "ఆనర్స్ పెడితే జీపీఏ పెరుగుతుందట" అని ఎవరో చెప్తారు, టిక్కు పడిపోతుంది. అక్టోబరులో మొదటి ఎస్సే 76 మార్కులతో తిరిగొస్తుంది. ఎక్కడ తప్పు జరిగిందో పిల్లకీ తెలియదు, ఇంట్లోవాళ్ళకీ తెలియదు. స్పెల్లింగు తప్పుల్లేవు, గ్రామర్ బాగుంది, కథ మొత్తం సరిగ్గానే రాసింది. మార్కులు పోయింది ఆ "కథ మొత్తం రాయడం" వల్లనే.

ముందు జీపీఏ సంగతి చూద్దాం. ఆనర్స్ అనే మాటకు అమెరికా మొత్తానికీ ఒకే నిర్వచనం లేదు. ఏపీ (అడ్వాన్స్డ్ ప్లేస్‌మెంట్) కోర్సు అయితే దాన్ని నడిపే కాలేజ్ బోర్డు అనే సంస్థ చట్రం ఉంటుంది. ఆనర్స్‌లో ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో స్కూల్ డిస్ట్రిక్టో, ఆ స్కూల్లోని ఇంగ్లిష్ డిపార్ట్‌మెంటో తేలుస్తుంది. చాలాచోట్ల వెయిటెడ్ జీపీఏలో ఆనర్స్‌కు అర పాయింటు, ఏపీకి ఒక పాయింటు కలుపుతారు. కొన్ని డిస్ట్రిక్టుల్లో రెండింటికీ ఒకటే, కొన్నిటిలో అసలేమీ కలపరు. కాలిఫోర్నియాలో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కాలేజీలు జీపీఏ లెక్కకు పది, పదకొండు తరగతుల మార్కులే తీసుకుంటాయి. కాబట్టి తొమ్మిదో తరగతి ఆనర్స్ ఇంగ్లిష్‌కు అక్కడ అదనపు పాయింటు రాదు. పాయింటు కోసమే టిక్కు పెడుతుంటే, ముందు మీ స్కూల్ కోర్సు కేటలాగు తెరిచి చూసుకోండి. టెక్సస్‌లో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. రెగ్యులరైనా ఆనర్సైనా ఇంగ్లిష్ వన్, ఇంగ్లిష్ టూ చదివిన పబ్లిక్ స్కూల్ విద్యార్థులు స్టార్ (STAAR) అనే రాష్ట్ర పరీక్ష రాయాల్సిందే.

రెగ్యులర్ క్లాసుకూ ఆనర్స్‌కూ పుస్తకాల్లో పెద్ద తేడా ఉండకపోవచ్చు. తొమ్మిదిలో రోమియో అండ్ జూలియట్, టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్, ఒడిస్సీలో కొన్ని భాగాలు, పదిలో లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్ లేదా మాక్‌బెత్ చాలా స్కూళ్ళలో రెండు రకాల క్లాసులకూ ఉంటాయి. తేడా వేగంలోనూ, ఇంట్లో ఒంటరిగా చదవాల్సిన మొత్తంలోనూ ఉంటుంది. రెగ్యులర్ క్లాసులో అధ్యాయాలు చాలావరకు క్లాసులోనే చదివిస్తారు. ఆనర్స్‌లో ఇంట్లో చదివి రావాలి, క్లాసు టైమంతా చర్చకే. టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్‌లో 31 అధ్యాయాలున్నాయి. నాలుగు వారాల యూనిట్ అనుకుంటే 20 స్కూలు రోజులు, అంటే రోజుకు ఒకటిన్నర అధ్యాయం. అదీ పెన్సిల్ పట్టుకుని చదివే చదువు. శుక్ర, శని, ఆది వదిలేసి సోమవారం ఐదు అధ్యాయాలు గబగబా లాగించే పిల్లలు కథ పట్టుకుంటారు, మాటలు జారవిడుస్తారు. పైగా చాలా స్కూళ్ళలో వేసవిలోనే ఒకటో రెండో పుస్తకాలు చదివి రమ్మంటారు, మొదటి వారంలోనే వాటిమీద పరీక్షో ఎస్సేనో ఉంటుంది. ఇండియా ట్రిప్పు ఉన్న వేసవుల్లో ఈ పుస్తకం సూట్‌కేసు అడుగున ఉండిపోతుంది. ఆగస్టులో జెట్‌లాగ్‌తో తెరిస్తే అయ్యే పని కాదు.

పెన్సిల్ అన్నాను కదా, దాన్ని అన్నొటేషన్ అంటారు. చాలామంది పిల్లలు హైలైటర్ తీసుకుని పేజీ అంతా పచ్చగా పూసేస్తారు. రెండు వారాల తర్వాత ఎస్సేకి పుస్తకంలోంచి కోట్ వెతకబోతే, అంతా పచ్చగా ఉన్న పేజీ ఏమీ చెప్పదు. పేజీకి రెండో మూడో గుర్తులు చాలు, కానీ ప్రతి గుర్తు పక్కన నాలుగైదు మాటలు ఉండాలి. గుర్తు పెట్టాల్సినవి: మళ్ళీ మళ్ళీ వచ్చే మాట లేదా వస్తువు, పాత్ర మాటతీరు ఉన్నట్టుండి మారిన చోటు, ఇక్కడ ఈ మాట ఎందుకు వాడారా అని కాస్త వింతగా అనిపించిన చోటు. మూడోది అన్నిటికన్నా విలువైనది, మంచి ఎస్సేలు అక్కడే పుడతాయి. పుస్తకం స్కూలుదైతే స్టిక్కీ నోట్స్ మీద రాసి పేజీ అంచున అంటించుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. లిటరరీ అనాలిసిస్ ఎస్సే, అంటే పుస్తకంలోని మాటలను విశ్లేషించి రాసే వ్యాసం.

మనలో తెలుగు మీడియంలోనో, కనీసం తెలుగు ఒక సబ్జెక్టుగానో పదో తరగతి దాటినవాళ్ళకు సందర్భసహిత వ్యాఖ్యలు గుర్తుండే ఉంటాయి. ఒక వాక్యం ఇచ్చేవారు. అది ఏ పాఠంలోది, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారు, దాని భావమేమిటి అని రాసేవాళ్ళం. పద్యంలో అలంకారం పేరు, లక్షణం, సమన్వయం రాస్తే ఆ మార్కులూ పడేవి. ఆ అలవాటు ఇక్కడ సగం దూరం పనికొస్తుంది. ఒక్క వాక్యం మీద కళ్ళు పెట్టి నిలబడటం మన చదువులో ఉంది. ఆనర్స్ ఇంగ్లిష్ అడిగేది ఆ తర్వాతి సగం. అలంకారం పేరు చెప్తే ఇక్కడ మార్కు రాదు. ఆ అలంకారం అక్కడ ఏం పని చేస్తోంది, అది లేకపోతే ఏం పోయేది అని చెప్పాలి. గైడులో ఉన్న జవాబు కాదు, విద్యార్థి తన వాదన చెప్పాలి. పిల్లలకు "నీ వాదనేంటి?" అన్న ప్రశ్న ఇంట్లో కూడా వేస్తే సగం పని అయినట్టే.

ఉదాహరణకు రోమియో అండ్ జూలియట్ మొదటి అంకం, ఐదో రంగం తీసుకుందాం. కాపులెట్ల విందులో రోమియో మొదటిసారి జూలియట్ చేయి పట్టుకుంటాడు. చాలామంది పిల్లలు రాసే పేరా ఇలా ఉంటుంది:

"రోమియో విందులో జూలియట్‌ను చూసి వెంటనే ప్రేమలో పడతాడు. ఆమె చేతిని పుణ్యక్షేత్రంతో పోలుస్తాడు. ఇది మెటఫర్. దీనివల్ల అతను ఆమెను ఎంత ప్రేమిస్తున్నాడో మనకు తెలుస్తుంది. తర్వాత వాళ్ళిద్దరూ ముద్దు పెట్టుకుంటారు."

ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ నాటకం చదివినవాళ్ళెవరూ కాదనలేని సంగతులే ఉన్నాయి. కాదనడానికి వీల్లేనిది వాదన కాదు. అదే చోటు, అదే కోట్, ఆనర్స్ స్థాయిలో:

"తొలిచూపు తొందరపాటుకు షేక్స్‌పియర్ భక్తి మాటలు తొడుగుతాడు, ఆ మాటలతోనే ఆ తొందరను బయటపెడతాడు. రోమియో జూలియట్ చేతిని 'పుణ్యక్షేత్రం' అని, తన పెదవులను 'సిగ్గుపడే ఇద్దరు యాత్రికులు' అని అంటాడు. యాత్ర అంటే రోజుల తరబడి నడిచి, కష్టపడి చేరేది. రోమియో నడిచింది మాత్రం ఒక గది దూరమే, పైగా ఆ సాయంత్రం వరకు రోజలీన్ అనే వేరే అమ్మాయి కోసం కుమిలిపోయినవాడు. పోలికకూ పనికీ మధ్య ఉన్న ఈ దూరం వల్ల, అతను తన భక్తిని నమ్ముతున్నాడు గానీ దాన్ని ఇంకా సంపాదించుకోలేదని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది."

రెండో పేరాలో కథ ఒక్క అరవాక్యంలోనే ఉంది. మొదటి వాక్యం వాదన. తర్వాత కోట్. తర్వాత ఆ కోట్‌లోని ఒక్క మాట, "యాత్రికులు", పట్టుకుని మూడు వాక్యాలు నడిచాయి. చాలామంది టీచర్లు ఒక ఆధారానికి కనీసం రెండు వాక్యాల వ్యాఖ్య అని లెక్క చెప్తారు. ఎస్సే తిరిగొచ్చాక మీ పిల్ల దాన్ని ముందు పెట్టుకుని, కథ చెప్పే వాక్యాలకు ఒక రంగు, కోట్‌లకు ఒక రంగు, వ్యాఖ్యకు ఒక రంగు గీయమనండి. మొదటి రంగు పేజీని కప్పేస్తే 76 ఎందుకొచ్చిందో అక్కడే కనిపిస్తుంది.

ఈ రంగంలో ఇంకో అందం ఉంది. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే మొదటి 14 పంక్తులు కలిపితే ఒక సానెట్ అనే పద్యం అవుతుంది. నాలుగు పంక్తులు అతనివి, నాలుగు ఆమెవి, ఆపైన ఇద్దరూ పంచుకుంటారు. చివరి రెండు పంక్తుల్లో ఒకటి ఆమెది, ఒకటి అతనిది, అది పూర్తికాగానే ముద్దు. ఒకే పద్యాన్ని ఇద్దరు అపరిచితులు కలిసి అల్లడం మన అవధానాల్లో సమస్యాపూరణ చూసినవాళ్ళకు వెంటనే రుచిస్తుంది. ఛందస్సు కూడా పిల్లలకు ఇలాగే చెప్పొచ్చు. షేక్స్‌పియర్ వాడే అయాంబిక్ పెంటామీటర్ అంటే పంక్తికి ఐదు అయాంబ్‌లు, పది సిలబుల్స్. ఒక్కో అయాంబ్‌లో మొదటిది తేలిక, రెండోది ఊనిక. లఘువు పక్కన గురువు వచ్చే మన వగణం లాంటిదే, ఐదుసార్లు. కాకపోతే మన గణాలు పలికే కాలాన్ని కొలుస్తాయి, ఇంగ్లిష్ గణాలు ఊనికను కొలుస్తాయి. ఈ తేడా తెలిసిన పిల్లవాడు క్లాసులో స్కాన్షన్, అంటే గణవిభజన దగ్గర తడబడడు.

షేక్స్‌పియర్ దగ్గర మాటకు పాత అర్థం చూడకపోతే మొత్తం తలకిందులవుతుంది. బాల్కనీలో జూలియట్ అనే "వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో"ను పిల్లలు "నువ్వెక్కడున్నావు రోమియో" అని అనుకుంటారు. వేర్‌ఫోర్ అంటే ఎందుకు. "నువ్వు రోమియోవి ఎందుకయ్యావు", అంటే శత్రువుల ఇంటి పేరు నీకెందుకు వచ్చింది అని ఆమె బాధ. ఆ ఒక్క మాట తప్పు చదివితే పేర్ల గురించి ఆమె మాట్లాడే తర్వాతి పంక్తులన్నీ గాల్లో వేలాడతాయి. అందుకే ఎడమ పేజీలో అర్థాలున్న ఎడిషన్ చదవడం మంచిది. ఆధునిక ఇంగ్లిష్‌లోకి మార్చిన రూపం పక్కన పెట్టుకుంటే తప్పులేదు. దాన్ని మాత్రమే చదివితే రాయడానికి చేతిలో మాటలుండవు, ఎందుకంటే కోట్ చేయాల్సింది అసలు పంక్తులనే. సారాంశాల వెబ్‌సైట్లతోనూ అదే చిక్కు. రీడింగ్ క్విజ్‌లు రాసే టీచర్లు ఆ సైట్లన్నీ చదివే ఉంటారు. సారాంశంలో లేని చిన్న వివరమే అడుగుతారు.

థీసిస్ అంటే ఎస్సే మొత్తం నిలబెట్టే వాదన, ఒకటో రెండో వాక్యాలు. దాన్ని పరీక్షించడానికి ఒక చిట్కా: ఎదుటివాడు "కాదు, నేనలా అనుకోను" అనగలడా? "లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్‌లో శంఖం ఒక సింబల్" అంటే ఎవరూ కాదనరు, కాబట్టి అది థీసిస్ కాదు. "శంఖానికి ఉన్న బలం దాన్ని పట్టుకున్నవాడిది కాదు, వినడానికి ఒప్పుకున్నవాళ్ళది, అందుకే అది పగలక ముందే దాని పని అయిపోయింది" అంటే వాదించొచ్చు. ఆ రెండో వాక్యం రాయడానికి పుస్తకం పూర్తిగా చదివి ఉండాలి. గడువుకు ముందురోజు రాత్రి పుట్టదు.

ఫార్మాట్ దగ్గర పోయే మార్కులు అనవసరంగా పోయేవి. ఎం.ఎల్.ఏ. (MLA) శైలి అంటే మాడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వాళ్ళది: చదవడానికి వీలైన ఫాంట్, మామూలుగా టైమ్స్ న్యూ రోమన్ 12, అన్ని వైపులా ఒక అంగుళం మార్జిన్, మొత్తం డబుల్ స్పేస్, పేరా మొదట అర అంగుళం జరుపు, ప్రతి పేజీ పైన కుడివైపు ఇంటిపేరు, పేజీ నంబరు. ఇక్కడ మన పిల్లలకు ఒక చిన్న చిక్కు: స్కూల్ రికార్డులో లాస్ట్ నేమ్‌గా ఏది ఉందో అదే రాయాలి, ఇంటిపేరూ అసలుపేరూ తారుమారైతే టీచరుకు పేపరు వెతకడం కష్టం. కోట్ తర్వాత బ్రాకెట్లో రచయిత ఇంటిపేరు, పేజీ నంబరు, మధ్యలో కామా లేకుండా. నాటకానికైతే అంకం, రంగం, పంక్తి నంబర్లు చుక్కలతో. వచనం నాలుగు పంక్తులు, పద్యం మూడు పంక్తులు దాటితే కొటేషన్ గుర్తులు తీసేసి విడిగా అర అంగుళం లోపలికి జరిపి రాయాలి. కథలో జరిగేదాన్ని వర్తమానంలో రాయాలి: రోమియో "చూశాడు" కాదు, "చూస్తాడు". కోట్‌ను ముందూ వెనకా ఏమీ లేకుండా పేరా మధ్యలో పడేయకూడదు, అది తన సొంత వాక్యంలో ఇమిడిపోవాలి. గ్రామర్, కామాలు, సెమికోలన్లు క్లాసులో వస్తూనే ఉంటాయి, వాటికి ఇంట్లో ప్రత్యేకంగా కుస్తీ పట్టక్కర్లేదు.

పిల్లలు భయపడే ఇంకో భాగం సోక్రటిక్ సెమినార్. కుర్చీలు గుండ్రంగా వేసి, టీచరు పక్కకు తప్పుకుని, పిల్లలే పుస్తకం గురించి మాట్లాడుకోవాలి. క్లాసు పెద్దదైతే లోపలి వలయం మాట్లాడుతుంది, బయటి వలయం రాసుకుంటుంది, సగంలో మారతారు. దీనికి గ్రేడు ఉంటుంది. "పెద్దవాళ్ళు అడిగితేనే మాట్లాడు" అని పెంచిన ఇళ్ళ పిల్లలు పుస్తకం కంఠతా వచ్చినా మౌనంగా కూర్చుని మార్కులు పోగొట్టుకుంటారు. ముందురోజు మూడు ప్రశ్నలు పేజీ నంబర్లతో సహా కాగితం మీద రాసుకోవాలి. అవునో కాదో అని తేలిపోయే ప్రశ్నలు కాకూడదు. మొదటి ఐదు నిమిషాల్లోనే ఒకసారి మాట్లాడేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పాలనుకున్నది ఇంకొకరు చెప్పేస్తారు. సిగ్గరి పిల్లలకు సులువైన దారి, వేరేవాళ్ళు చెప్పిన దానికి ఆధారం అందించడం: "తను చెప్పింది 88వ పేజీలో కూడా కనిపిస్తుంది" అని చదివి వినిపిస్తే చాలు, అది పూర్తి లెక్కలోకి వస్తుంది.

సెప్టెంబరులో సిలబస్ వచ్చినప్పుడు ఎవరూ చూడని భాగం ఒకటుంది: ఏ రకం పనికి ఎంత శాతం. పెద్ద పనులకు 70 శాతం అని, ఆ టర్ములో అలాంటివి నాలుగే అని అనుకోండి. ఒక్కో ఎస్సే మొత్తం గ్రేడులో 17.5 శాతం. ఒకటి ఇవ్వకుండా సున్నా పడితే, మిగతా అన్నిటిలో నూటికి నూరు వచ్చినా 82.5 దగ్గర ఆగిపోతుంది. హోంవర్కులన్నీ బుద్ధిగా చేసి ఒక ఎస్సే ఎగ్గొట్టిన పిల్లకు బీ రావడం వెనక ఉన్న లెక్క ఇదే. ఆలస్యమైతే ఎంత కోస్తారు, తిరగరాస్తే మార్కు మారుస్తారా అనేవి కూడా అక్కడే ఉంటాయి.

పదకొండుకొచ్చేసరికి చాలామంది ఏపీ లాంగ్వేజ్‌కు వెళ్తారు. ఆనర్స్‌లో నేర్చుకున్నదానికి అక్కడ గడియారం తోడవుతుంది. 45 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకు గంట, ఆ తర్వాత మూడు ఎస్సేలకు 15 నిమిషాల చదువుతో కలిపి 2 గంటల 15 నిమిషాలు. ఒక్కో ఎస్సేకు 6 పాయింట్లు: థీసిస్‌కు 1, ఆధారం, వ్యాఖ్యలకు 4, లోతుకు 1. ఆ నాలుగు పాయింట్లు ఎక్కడున్నాయో చూడండి. తొమ్మిదో తరగతిలో "యాత్రికులు" అన్న ఒక్క మాట మీద మూడు వాక్యాలు రాయడం నేర్చుకున్న పిల్లకు ఆ నాలుగూ అందుతాయి. అందుకే తొమ్మిది, పది తరగతుల్లో 40 నిమిషాల టైమ్డ్ రైటింగ్ పెడుతుంటారు. అందులో మొదటి ఎనిమిది నిమిషాలు ప్లానుకు, చివరి మూడు తిరిగి చదవడానికి ఉంచుకున్నవాళ్ళ పేపరు, మొదటి నిమిషం నుంచే రాయడం మొదలుపెట్టినవాళ్ళ పేపరు కంటే దాదాపు ఎప్పుడూ బాగుంటుంది.

ఇంట్లో చేయకూడనిది ఒకటుంది. ఎస్సేను దిద్ది పెట్టకండి. తల్లిదండ్రులు తిరగరాసిన వాక్యాలు, థిసారస్‌లో వెతికిన బరువైన మాటలు టీచరుకు ఇట్టే తెలిసిపోతాయి, ఎందుకంటే అదే పిల్ల క్లాసులో చేత్తో రాసిన పేపర్లు ఆమె దగ్గర ఉంటాయి. ఏఐ చేత రాయించినదీ అంతే. చాలా స్కూళ్ళు కాపీని పట్టే టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాయి, గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ కూడా చూస్తాయి. రెండు గంటలు మెల్లగా పెరిగిన డాక్యుమెంటుకూ, ఒక్క సెకనులో 900 మాటలు పేస్టయిన డాక్యుమెంటుకూ తేడా అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నిజాయితీగా రాసే పిల్లలు కూడా మొదటి నుంచీ అదే డాక్యుమెంటులో రాయడం మంచిది, అనుమానం వస్తే చూపించడానికి చరిత్ర ఉంటుంది. మీరు చేయగలిగింది వినడం. ఎస్సేను పైకి చదవమనండి. చదువుతూ ఎక్కడ ఊపిరి అందక ఆగిందో ఆ వాక్యం విరగాలి. ఎక్కడ మీకు "అయితే ఏంటి?" అనిపించిందో అక్కడ వ్యాఖ్య తక్కువైంది. ఇంగ్లిష్ సాహిత్యం మీకు రాకపోయినా ఈ రెండూ చెప్పగలరు. చర్చ తెలుగులో జరిగినా నష్టం లేదు, వాదన ఏ భాషలో దొరికినా దొరికినట్టే.

మొదటి ఎస్సే 76తో వచ్చినప్పుడు టీచరుకు మీరు ఈమెయిల్ పెట్టకండి, పిల్లనే ఆఫీస్ అవర్స్‌కు వెళ్ళమనండి. "నాకు మార్కులెందుకు తగ్గాయి" అని అడిగితే రూబ్రిక్ (మార్కుల కొలబద్ద) మళ్ళీ చదివి వినిపిస్తారు. ఒక పేరా చూపించి, "ఈ కోట్ తర్వాత నేను ఇంకేం చెప్పొచ్చు?" అని అడగాలి. ఆ ప్రశ్నకు టీచరు పెన్ను తీసి మార్జిన్లో రాయడం మొదలుపెడతారు. ఆ కాగితం పారేయకుండా దాచుకుని, రెండో ఎస్సే మొదలుపెట్టే రోజు బల్లమీద పక్కన పెట్టుకోవాలి.